కంప్యూటరు లేవకపోయినచో ఫార్మాట్‌కు తొందర వద్దు



ఇంటి కంప్యూటరు ఒకనాడు మీట నొక్కినను లేవకపోయినచో, మనవారు దానిని సంచిలో పెట్టుకొని దుకాణమునకు పోవుదురు. అక్కడ మొదట వినిపించు మాట "ఫార్మాట్ చేయవలె" ననునది. ఆ మాటకు వెంటనే తల ఊపవద్దని కోవిల్‌పట్టి, విరుదునగరు ప్రాంతముల తెలుగు కుటుంబములవారికి మనవి చేయుటకే ఈ లేఖ.

ఫార్మాట్ అనగా డిస్కులో ఉన్నదంతయు తుడిచివేయుట. కంప్యూటరు లేవకపోవుట వేరు, అందులో దాచినది చెడిపోవుట వేరు. బీరువా తలుపు బిగుసుకొన్నంత మాత్రాన లోపలి దస్త్రములు కాలిపోయినవని ఏ కచ్చేరీలోను వ్రాసికొనరు.

మన యిండ్లలో ఆ దస్త్రముల విలువ యెట్టిదో ఆలోచింపుడు. 2006 నాటి చట్టముతో తమిళనాడు బడులలో తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. మన పిల్లలలో పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడుదురు గాని చదువనేరరు. కోవిల్‌పట్టి చెంత ఇడైసేవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ గారు తెలుగు ఇంటివారే. మన పూర్వుల వలస కథను ఆయన తమిళ నవలలుగా వ్రాసిరి. వానిలో "గోపల్లపురత్తు మక్కళ్" 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. కథ ఆ విధముగ నిలిచినది. కాని అవ్వ పాడిన పెండ్లి పాట, తాత చెప్పిన ఇంటిపేర్ల వరుస, ఆ తెలుగు పలుకుబడితోనే, ఏ పుస్తకములోను లేవు. ఫోనులో పట్టి కంప్యూటరులో దాచుకొన్న ధ్వనిగా మాత్రమే ఉన్నవి. ఆ కంప్యూటరు కూడ తరచు 2011 నుండి ప్రభుత్వము ప్లస్ టూ విద్యార్థులకు ఉచితముగ ఇచ్చిన ల్యాప్‌టాప్. దానికి ఇప్పుడు వయస్సు మీరినది.

కావున దుకాణమునకు పోవుటకు ముందు ఇంటనే కొంత పరీక్ష చేసికొనవలెను. దీపము వెలుగక, ఫ్యాను తిరుగకున్నచో లోపము కరెంటుది. సాకెట్టు మార్చి చూడవలెను. ల్యాప్‌టాప్ అయినచో ఛార్జరు ఊడదీసి, మీటను అర నిమిషము నొక్కి పట్టి, మరల ఛార్జరు తగిలించి చూడవలెను. ఫ్యాను తిరిగి బొమ్మ రాకున్నచో తెర కేబులును, పిమ్మట ర్యామ్ పలకను చూడవలెను. కరెంటు పూర్తిగా తీసి, ఆ పలకను ఊడదీసి, దాని అంచును పొడిగుడ్డతో తుడిచి, మరల గట్టిగ అమర్చినచో పెక్కు పెట్టెలు లేచును.

"బూట్ డివైస్ లేదు" అని తెరపై వచ్చినచో, తగిలించి మరచిన పెన్ డ్రైవు తీసివేయవలెను. గడియారము పాత సంవత్సరము చూపుచున్నచో లోపల ఉన్న సి.ఆర్. 2032 అను నాణెమంత బ్యాటరీ అయిపోయినదని అర్థము. అది పోయినప్పుడు ఏ డిస్కు నుండి లేవవలెనో అను అమరిక కూడ మారిపోవచ్చును. విండోస్ గుర్తు వచ్చి ఆగిపోవుచున్నచో సేఫ్ మోడ్ ఉన్నది, స్టార్టప్ రిపేర్ ఉన్నది. డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేసినచో మాత్రము మాటిమాటికి మీట నొక్కరాదు, వెంటనే ఆపివేయవలెను.

విరుదునగరులో మా బంధువుల యింట ఇట్లే జరిగినది. ఒక దుకాణదారు ఫార్మాట్ తప్ప మార్గము లేదనెను. వారు ఒప్పుకొనక, డిస్కును ఊడదీయించి, యు.ఎస్.బి. తీగతో మరియొక కంప్యూటరునకు తగిలించిరి. చనిపోయిన పెద్దమ్మగారి గొంతు అందులో చెక్కుచెదరక ఉన్నది.

2024 జూలై 19న ప్రపంచమంతట సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయములో బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చిరి. కారణము ఒక రక్షణ సాఫ్టువేరుతో వచ్చిన దోషపు ఫైలు. సేఫ్ మోడ్‌లో ఆ ఒక్క ఫైలు తీసివేయుటయే మందయినది; డిస్కు తుడుచుట కాదు.

ఇక ముందుజాగ్రత్త. క్రొత్త యంత్రములలో బిట్‌లాకర్ అను తాళము ఉండవచ్చును. దాని 48 అంకెల సంఖ్యను కాగితముపై వ్రాసి ఇంటి పత్రములతో ఉంచవలెను. అది లేనిదే డిస్కు ఊడదీసినను తెరచుకొనదు. నకలు ఒకటి వేరొక యింట ఉండవలెను. 2023 డిసెంబరు వానలలో మా తూత్తుకుడి జిల్లాలోని కాయల్‌పట్టణమున ఒక్క దినమున సుమారు 95 సెంటీమీటర్లు కురిసినది. అట్టి నీరు ఇల్లు చొచ్చినచో అసలు, నకలు కలిసియే పోవును. కోవిల్‌పట్టివారి నకలు విరుదునగరు చుట్టముల యింట, వారిది వీరి యింట ఉన్నచో సరి.

దుకాణదారులకు ఒక్క విన్నపము: రసీదుపై "యజమాని వ్రాతమూలమైన అనుమతి లేక డిస్కు తుడువబడదు" అను వాక్యము చేర్చి సంతకము తీసికొనవలెను. మన తెలుగు సంఘములవారు నెలకొక ఆదివారము కల్యాణ మండపములో ఒక యు.ఎస్.బి. తీగతోను, తెలిసిన యువకులిద్దరితోను కూర్చున్నచో చాలును. వివాహ మహోత్సవములకు పెట్టు ఖర్చులో ఇది పూలదండ పాటి కూడ కాదు.

ఇట్లు,
విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
కోవిల్‌పట్టి