మన హాస్టల్ ర్యాకులో ఈ కథలు కూడా ఉండాలి

కొంచెం పెద్ద పోస్టు. టైం చూసుకుని చివరిదాకా చదవండి.

మా హాస్టల్లో మాతోపాటే చేరిన ఒకమ్మాయి ఉండేది. పేరు రాయం. ఆమెను అడిగాకే ఈ పోస్టు పెడుతున్నాం. కుళాయి దగ్గర చేతులు కడగడం మొదలుపెడితే అరగంటైనా ఆగేది కాదు. కడిగిన కంచమే మళ్లీ కడిగేది. చర్మం పగిలి రక్తం వచ్చినా కడిగేది. మరి మేం ఏం చేశాం? నవ్వాం. 'సబ్బు' అని పేరు పెట్టాం. నీళ్లన్నీ అయిపోతున్నాయని తిట్టాం. ఊరికి కబురు వెళ్తే, గాలి సోకిందని దిసారి దగ్గరికి తీసుకెళ్లారు. సెకండియర్ మధ్యలో టీసీ తీసుకుని వెళ్లిపోయింది. దానికి ఓసీడీ అనే పేరు ఉందని, వైద్యం ఉందని మాలో ఒక్కరికీ తెలీదు.

ఆ సంగతి మాకు ముందుగా చెప్పింది డాక్టరు కాదు, ఒక నవల.

మా ఇంగ్లిష్ మేడం చదవమని ఇచ్చారు. జాన్ గ్రీన్ రాసిన 'టర్టిల్స్ ఆల్ ద వే డౌన్'. 2017లో అమెరికాలో వచ్చింది. ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని నలుగురం కలిసి రోజుకు నాలుగైదు పేజీలు చదివాం. రెండు నెలలు పట్టింది. అందులో ఏజా అని పదహారేళ్ల అమ్మాయి. ఒంట్లో క్రిములు చేరి చచ్చిపోతానేమో అని ఆమె భయం. వేలి కొసను గోటితో నొక్కి పుండు చేసుకుంటుంది, బ్యాండేజీ మారుస్తుంది, మళ్లీ నొక్కుతుంది. అవసరం లేదని ఆమెకూ తెలుసు. కానీ ఆలోచన సుడిగుండంలా లోపలికి లాగేస్తుంది.

ఆ పేజీలు చదివిన రాత్రి మేం ఎవ్వరం మాట్లాడుకోలేదు. కుళాయి దగ్గర నిలబడ్డ మా పిల్లే కళ్లముందు కనబడింది. "శుభ్రంగానే ఉన్నాయని తెలుసే, కానీ ఆగట్లేదే" అని ఒకసారి మాతో అంది కూడా. మేం వినలేదు.

ఈ నవల రాసినాయనకే ఓసీడీ ఉంది. ఆ మాట ఆయనే అందరిముందూ చెప్పుకున్నారు. నీల్ షస్టర్‌మన్ 'చాలెంజర్ డీప్' అని ఇంకోటి ఉంది, 2015లో వచ్చింది. పదిహేనేళ్ల కేడెన్ ఒకపక్క ఇంట్లో, ఆస్పత్రిలో ఉంటాడు. ఇంకోపక్క తను సముద్రంలో ఓడ మీద ఉన్నట్టు అతనికి అనిపిస్తుంటుంది. రచయిత తన కొడుకు పడిన బాధను చూసి రాశారు. లోపలి బొమ్మలు ఆ కొడుకు గీసినవే. ఆ ఏడాది అమెరికా నేషనల్ బుక్ అవార్డు దానికి వచ్చింది. అంటే ఇవి ఊహించి రాసిన పిచ్చోళ్ల కథలు కాదు. అనుభవించినవాళ్ల మాటలు.

ఈ మాట చెప్తే మా సీనియర్లు రెండు మాటలన్నారు. రెండింటికీ జవాబు చెప్తాం.

ఒకటి, 'ఇవి డబ్బున్నోళ్ల జబ్బులు, కష్టం చేసుకునేవాళ్లకు రావు.' మా హాస్టల్లో వచ్చింది కదా అన్నా! ఏజాకు సొంత గది, కారు, వెళ్లడానికి ఒక సైకియాట్రిస్టు ఉన్న మాట నిజమే. ఆ నవలే ఆ విషయం దాచలేదు. ఏజా ఫ్రెండ్ డైసీ పేదింటి పిల్ల, పార్ట్‌టైం పనిచేస్తూ చదువుకుంటుంది. ఒకరోజు కారులో ఏజాను కడిగేస్తుంది: నీ బాధ తప్ప నా బతుకు గురించి నీకేం తెలుసు అన్నట్టు. మాకు ఆ సీన్‌లో ఇద్దరూ కరెక్టే అనిపించారు. లేమి ఉంటే జబ్బు రాకుండా పోదు. వచ్చాక డాక్టరు దొరకడు, అంతే తేడా. పాడేరు వైపు నుంచి విశాఖలో ఉన్న మానసిక వైద్యశాలకు వెళ్లాలంటే ఘాట్ రోడ్డు దిగాలి, తోడు ఒక మనిషి కావాలి, ఒకరోజు కూలి పోవాలి. పైగా దాన్ని జనం 'పిచ్చాస్పత్రి' అంటారు.

రెండోది, 'ఇలాంటివి చదివితే లేనిపోని ఆలోచనలు వస్తాయి.' ఇది మేం కొట్టిపారేయం. అన్ని పుస్తకాలూ ఒకటి కాదు. 2007లో వచ్చిన 'థర్టీన్ రీజన్స్ వై'లో చనిపోయిన అమ్మాయి క్యాసెట్లు వదిలి, ఎవరెవరి వల్ల చనిపోయిందో చెప్తుంది. తర్వాత సిరీస్ కూడా తీశారు, దానిమీద చాలామంది డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. మా అభిప్రాయమూ అదే. చావు ఒక జవాబులా, పగ తీర్చుకోవడంలా కనిపించే కథను కుంగిపోయి ఉన్న పిల్ల చేతిలో పెట్టకూడదు. కానీ ఏజా కథ అలా కాదు. చివరికి జబ్బు పూర్తిగా పోదు, అయినా ఆమె బతుకు సాగుతుంది. మన సినిమాల్లో ఎక్కువగా ఇలాంటివాళ్లు నవ్వించడానికైనా ఉంటారు, భయపెట్టడానికైనా ఉంటారు. జబ్బుతోనే చదువుకుంటూ, స్నేహం చేస్తూ బతికే మనిషిని మేం మొదటిసారి చూసింది ఈ పుస్తకంలోనే.

ఇంకోమాట. దిసారిని తిట్టడానికి ఈ పోస్టు రాయట్లేదు. ఆయన వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ కూర్చున్నారు. మేం హాస్టల్లో ఆ మాత్రం కూడా చేయలేదు. చుట్టూ కూర్చునే మన పద్ధతీ ఉండాలి, డాక్టరు మందూ ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం మన హక్కు, ఎవరి దయా కాదు.

అందుకే మేం అడిగేది ఇది. హాస్టల్ ర్యాకులో గైడ్ల పక్కన ఇలాంటి నవలలు నాలుగైనా పెట్టండి, తెలుగు చేయగలిగినవాళ్లు తెలుగు చేయండి. నెలకోసారైనా మానసిక ఆరోగ్యం తెలిసిన మనిషిని హాస్టల్‌కు పంపండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416ను మెనూ బోర్డు పక్కనే రాయించండి. ఫ్రీ కాల్, రాత్రి పగలు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ కాల్ చేసుకోవడానికి పిల్లలకు ఫోనూ ఇవ్వండి.

చివరిగా మనకు మనం చేసుకోవాల్సిన పని ఒకటుంది. ఆశ్రమ పాఠశాల డార్మెటరీలో ట్రంకుపెట్టె పక్కన పడుకుని, ఎవరికీ చెప్పుకోలేక దుప్పటి కప్పుకున్న పిల్ల కథ అమెరికావాళ్లు రాయరు. మనమే రాయాలి. మనసు బరువెక్కితే కువిలో, కోయలో, గోండిలో, సవరలో, మీ ఇంటి భాషలో ఏమంటారో అమ్మమ్మనో తాతనో అడిగి కింద రాయండి. అక్కడినుంచే మొదలుపెడదాం.

మా ఫ్రెండ్‌కు మొన్న ఫోన్‌లో ఏజా కథంతా చెప్పాం. పెట్టిన పేరుకు సారీ కూడా చెప్పాం. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: "ఆ పిల్ల చదువు మానేసిందా?"

లేదే, మానలేదు అన్నాం. మరి నువ్వెందుకు మానాల్సొచ్చిందో మాత్రం మేం చెప్పలేకపోయాం.

జోహార్. జై ఆదివాసీ.