మినరల్ టౌన్‌లో టమాటా ఎప్పుడూ 60

టమాటా రేటు ఎప్పుడూ మారని ఊరొకటి ఉంది. పేరు మినరల్ టౌన్. తొమ్మిది కాయలు అమ్మినా, తొమ్మిది వందలు అమ్మినా కాయకి 60 ‘జీ’లే. జీ అంటే అక్కడి డబ్బు.

ఇది ‘హార్వెస్ట్ మూన్: ఫ్రెండ్స్ ఆఫ్ మినరల్ టౌన్’ గేమ్ సంగతి. 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం జపాన్ వాళ్లు చేశారు. మీలో చాలామంది ఫోన్లో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ ఆడే ఉంటారు కదా, దానికి పెద్దన్న ఈ సిరీసే. చిన్నప్పుడు సెలవుల్లో పరిచయమైన ఒక పెద్దాయన, పోతూ పోతూ తన పొలాన్ని మనకి రాసిచ్చి పోతాడు. వెళ్లి చూస్తే అంతా కలుపు, రాళ్లు, మొద్దులు!

ఊళ్లో వాళ్లతో స్నేహాలు, ప్రేమ, పెళ్లి అన్నీ ఉన్నాయి. కానీ నాకు నచ్చింది ఒళ్లు వంచే పని. పార ఎత్తిన ప్రతిసారీ ఓపిక తగ్గుతుంది, మితిమీరితే కళ్లు తిరిగి పడిపోతాం. నీళ్లు పెట్టని రోజు మొక్క ఎదగదు. వాన పడితే ఆ రోజు సెలవు, అబ్బ ఎంత హాయో! టర్నిప్ విత్తనాల ప్యాకెట్ 120 జీ, తొమ్మిది గడుల్లో పడుతుంది, ఒక్కో దుంప 60కి పోతుంది. లెక్కేసుకోండి, పెట్టుబడికి నాలుగున్నర రెట్లు. కాకపోతే ఒక్కో కాలం 30 రోజులే. వసంతం పంట కోయడం ఆలస్యమైందా, వేసవి మొదటి రోజు పొద్దున్నే అంతా వాడిపోయి ఉంటుంది. వేసవిలో తుఫాను వస్తే ఆ రోజు గడప దాటనివ్వరు. మర్నాడు పొలం ఎలా ఉందో చూడాలంటే గుండె దడ. మన కోస్తా వాళ్లకి ఆ దడ ఎవరూ నేర్పక్కర్లేదు.

మా చిన్నాయన మదనపల్లె దగ్గర టమాటా పెడతాడు. ఊరెళ్లినప్పుడు ఆయనకి చూపించా. పంటని పొలంలోనే ఉన్న డబ్బాలో వేస్తే, సాయంత్రం 5కి జాక్ అనే అతను వచ్చి తీసుకెళ్తాడు, డబ్బు ఇచ్చేస్తాడు.

“వేలంపాట లేదా?”

“లేదు చిన్నాయనా.”

“కమీషనూ?”

“అదీ లేదు.”

“అట్లయితే ఆ జాక్ నంబరు ఇయ్యిరా నాకు” అని నవ్వాడు. కాసేపు చూసి, “విత్తనాలకి వీనికి అప్పు ఎవురిచ్చినారు?” అన్నాడు. ఈ ఆటలో అప్పే లేదన్నాను. పురుగు కూడా పట్టదన్నాను. ఇంకేం అడగలేదు.

2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటింది. దేశమంతా టమాటా మీద జోకులే. సెప్టెంబరుకల్లా ఆ ధర కుప్పకూలింది, అప్పుడు మాత్రం జోకుల్లేవు. నారు నాటేటప్పుడు కోతనాటి రేటు ఏ రైతుకీ తెలీదు. మినరల్ టౌన్‌లో మొదటి రోజే తెలుసు. ఆ ఊళ్లో కొలనులోంచి ఒక దేవత కూడా వస్తుంది గానీ, నన్నడిగితే దేవత కన్నా పెద్ద కల్పన ఆ 60.

ఈ సిరీస్ సృష్టికర్త యాసుహిరో వాడా క్యూషూ దీవిలో, మియాజాకి పల్లెపట్టున పెరిగి టోక్యో చేరినవాడు. మహానగరంలో ఊరు గుర్తొచ్చి ఈ ఆట ఊహించాడు. మొదటిది 1996లో సూపర్ ఫామికామ్ మీద వచ్చింది. ఊరొదిలి వచ్చినవాళ్లకి గాలి, పచ్చదనం, కుక్కపిల్ల గుర్తుంటాయి. మండీ చీటీ గుర్తుండదు. హైదరాబాద్ హాస్టల్లో కూర్చుని నేను ఆడేదీ అదే ఊరు. అయినా ఆడతాను, రేపూ ఆడతాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి స్విచ్ మీద రీమేక్ ఉంది. జపాన్‌లో 2019లో, బయట 2020లో వచ్చింది, ఇప్పుడు పేరు ‘స్టోరీ ఆఫ్ సీజన్స్’. పాతదే దొరికితే ఒక చిట్కా: తొమ్మిది గడులూ దున్నకండి. మొలకలొచ్చాక వాటి మీదుగా నడవలేం, నడిమి మొక్కకి నీళ్లందవు. ముందు వరసలో మధ్య గడి ఖాళీగా వదలండి. ఇది నాకు చెప్పింది చిన్నాయనే. స్క్రీన్ చూసీ చూడగానే, “నడిచేదానికి దోవ పెట్టుకోవాల కదరా” అన్నాడు.