ముందుకు దూకటమా, వెనక్కు తగ్గటమా?

మొన్న ఆదివారం మా మేనకోడలి బాస్కెట్‌బాల్ మ్యాచి చూడటానికి వెళ్ళాను. అందరూ పదకొండేళ్ళ ఆడపిల్లలు. అవతలి జట్టులో ఒక బక్కపిల్ల బంతి అందుకోవటం, మనవాళ్ళు ఇద్దరు చేతులు చాచి మీదకు వెళ్ళటం, ఆ పిల్ల కంగారుపడి బంతి జారవిడవటం, మనవాళ్ళు దాన్ని బుట్టలో వెయ్యటం - ఇదే వరస. పది నిమిషాలలో ఆట ఏకపక్షమైపోయింది. నేను చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాను.

మధ్యాహ్నం రెండో మ్యాచిలో కథ తిరగబడింది. ఈ జట్టులో ఒక పొడుగాటి పిల్ల ఉన్నది. మనవాళ్ళు మీద పడగానే తలెత్తి చూసి, బంతిని వాళ్ళ తలల మీదుగా విసిరేసింది. వెనుక మన బుట్ట దగ్గర కాపలాకు ఒక్కరు లేరు. ఓడిపోయాము.

"మామయ్యా, మేము వెనక్కి పరిగెత్తి ఉండవలసిందా?" అని దారిలో అడిగింది.

చిన్నప్పుడు నేనూ ఆడినవాణ్ణే గనుక లెక్క విప్పి చెప్పాను. కోర్టు పొడవు 28 మీటర్లు. బంతి చిక్కినవారు 8 సెకన్లలో దాన్ని సగం గీత దాటించాలని అంతర్జాతీయ నియమం. 2000లో మార్చక ముందు 10 సెకన్లు ఉండేది. లేత చేతులకు దూరంగా విసిరే బలం ఉండదు. అందుచేత చిన్నపిల్లలలో మీదపడి ఆడేవారే తరచు గెలుస్తారు. అందులో మన గొప్పకన్న అవతలివారి పసితనమే ఎక్కువ. వాళ్ళ చేతులకు బలం వచ్చిననాడు ఆ పాచిక పారదు. అలాగని అందరూ బుట్ట కిందకు చేరి నిలబడితే, అవతలివారు తీరిగ్గా గురిచూసి వేస్తారు. కనుక బంతికి దగ్గర ఉన్నవారొకరు అడ్డుపడాలి. తక్కిన నలుగురూ ముందు తమ బుట్టవైపు పరిగెత్తి, ఆ తరువాత ఇటు తిరిగి తలా ఒకరిని చూసుకోవాలి.

"మరి పొద్దున్న గెలుస్తున్నప్పుడు ఈ మాట చెప్పలేదేం?" అన్నది.

నేను తడుముకొన్నాను.

"ఆ బక్కపిల్ల ఏడుస్తూంటే కూడా నువ్వు చప్పట్లు కొడుతూనే ఉన్నావు."

నిజమే. నేను ఆ పిల్లను చూడలేదు. బోర్డు మీది అంకెలు చూస్తున్నాను. గెలుపు ఖాయమైన తరువాత మనవాళ్ళు సగం గీతదాకా వెనక్కు వచ్చి నిలబడి ఉంటే, ఆ పిల్ల ఒక్కసారైనా బంతితో గీత దాటి ఉండేది. మధ్యాహ్నానికి పనికివచ్చే కాపుదల మనవాళ్ళకూ పొద్దున్నే అలవాటయ్యేది.

వచ్చే ఆదివారం మళ్ళీ ఆట ఉన్నదిట. వెళతాను. చప్పట్లు మాత్రం కాస్త చూసుకొని కొడతాను.