పిల్లలకు అమెరికాలో ఫెడరల్ టికెట్ వస్తే ఇక్కడినుంచి మనం ఇచ్చే సలహా



పోయిన నెల మన హోసూరు సభ్యులొకరు రాత్రిపూట ఫోన్ చేసి, "అమెరికాలో మావానికి కోర్టు నోటీసు వచ్చిందప్పా, అక్కడ లాయర్లు మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది. ఏమిటా అని కనుక్కుంటే స్పీడింగ్ టికెట్. అదీ ఐదు నెలల కిందటిది.

అబ్బాయి ఉండేది వర్జీనియాలో. వాషింగ్టన్ పక్కన పొటోమాక్ నది వెంబడి జార్జ్ వాషింగ్టన్ మెమోరియల్ పార్క్‌వే అనే రోడ్డుంది. ఆఫీసులకు పోయేవాళ్ళు రోజూ వాడే రోడ్డే. కాని అది నేషనల్ పార్క్ సర్వీసు చేతిలో ఉన్న ఫెడరల్ భూమి. అక్కడ ఆపి ఇచ్చిన కాగితం కౌంటీ టికెట్ కాదు, యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్టు పేరుతో ఉండే వయొలేషన్ నోటీసు. అబ్బాయి అది చదవకుండా కౌంటీ కోర్టు వెబ్‌సైట్లో వెతికాడు. కనబడలేదు. రెండు వారాలాగి మళ్ళీ చూశాడు, లేదు. తండ్రి ఆ సంగతి మన వాట్సాప్ గ్రూపులో పెడితే మేము నలుగురైదుగురం ఇచ్చిన జవాబు ఒక్కటే: "కంప్యూటర్లో ఎక్కించుకోలేదేమో, వదిలెయ్యప్పా." అందుకే ఈ పోస్టు రాయాల్సిన బాధ్యత మామీదే పడింది.

ఫెడరల్ భూమిలో ఇచ్చిన టికెట్ కౌంటీకి పోదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో సెంట్రల్ వయొలేషన్స్ బ్యూరో అని ఉంది, దేశంలోని ఇలాంటి టికెట్లన్నీ అక్కడికే చేరతాయి. వాళ్ళ దగ్గర నమోదు కావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. కాబట్టి ఆన్‌లైన్లో కనబడలేదంటే టికెట్ లేదని కాదు. నేషనల్ పార్కులు, మిలిటరీ బేసులు, ఇలాంటి పార్క్‌వేలు అన్నింటికీ ఇదే దారి. మిలిటరీ బేసులో అయితే తరచుగా ఆ రాష్ట్రం ట్రాఫిక్ చట్టాన్నే పట్టుకుని కేసు పెడతారు, విచారణ మాత్రం ఫెడరల్ కోర్టులోనే.

ఆ కాగితం మీద చూడాల్సింది ఒక్క చోటు. కోర్టుకు తప్పక హాజరు కావాలి అన్న పెట్టెలో గుర్తు ఉందా, లేక కట్టాల్సిన మొత్తం రాసి ఉందా? మొత్తం రాసి ఉంటే దానితోపాటు 30 డాలర్ల ప్రాసెసింగ్ ఫీజు కట్టి ముగించుకోవచ్చు, లేదా కోర్టుకు పోయి వాదించుకోవచ్చు. హాజరు తప్పనిసరి అని ఉంటే డబ్బు పంపినా కుదరదు. విచారించేది మెజిస్ట్రేట్ జడ్జి, జ్యూరీ ఉండదు. నేషనల్ పార్కు నిబంధన మీరితే కాగితం మీద ఆరు నెలల జైలు దాకా ఉంది. మామూలు స్పీడింగుకు జుర్మానాతోనే పోతుంది, బెదిరిపోనక్కర్లేదు. కాని ఏమీ చేయకుండా కూర్చుంటే కోర్టు సమన్లు పంపొచ్చు, వారంటూ ఇవ్వొచ్చు. మనం వదిలెయ్యమన్నది దాన్ని.

"కట్టేసి మరిచిపో" అనేవాళ్ళతో కూడా మాకు పూర్తిగా ఏకీభావం లేదు. కడితే కేసు ముగుస్తుంది, నిజమే. రాష్ట్రాన్ని బట్టి అది డ్రైవింగ్ రికార్డుకు ఎక్కవచ్చు, ఇన్సూరెన్సు పెరగవచ్చు. లిమిటు కన్నా బాగా ఎక్కువ వేగం రాసి ఉంటే కట్టే ముందే అక్కడి లాయరుకు ఒక గంట ఫీజు ఇచ్చి అడగడం మేలు. ఆ లాయరు మనవాడా కాదా అన్నది అనవసరం, ఫెడరల్ కోర్టులో పనిచేసినవాడా అని చూసుకుంటే చాలు.

ఇక వీసా భయం. ఒక్క స్పీడింగ్ టికెట్‌తో వీసా పోతుందని ఎవరూ ఏడవక్కర్లేదు. రేపు పౌరసత్వం దరఖాస్తులో పోలీసులు ఎప్పుడైనా సైటేషన్ ఇచ్చారా అని అడుగుతారు, అక్కడ ఉన్నది ఉన్నట్టు రాయాలి. పాత టికెట్ కట్టిన రసీదు చూపించడం వేరు, వారంటు ఎందుకొచ్చిందో చెప్పుకోవడం వేరు.

ఇంకో చిక్కు అడ్రసు. మన పిల్లలు ఏడాదికో అపార్ట్‌మెంటు మారతారు. మారిన పది రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్ళకు తెలపాలని అందరికీ తెలుసు, తెలుపుతారు కూడా. కాని దాంతో కోర్టుకు తెలిసిపోదు. కోర్టు నోటీసు టికెట్ మీదున్న అడ్రసుకే పోతుంది. ఈ అబ్బాయి విషయంలో అదే జరిగింది. పాత ఇంట్లో ఉన్న స్నేహితుడు కవరు దాచిపెట్టి ఇచ్చాడు కాబట్టి సరిపోయింది.

గ్రూపులో ఒకరు "ఖాళీ రోడ్డులో పది మైళ్ళు ఎక్కువ పోతే ఇంత రాద్ధాంతమా" అన్నారు. యోసెమిటీ పార్కులో రోడ్డు పక్కన ఎర్ర ఎలుగుబంటి బొమ్మ బోర్డులు ఉంటాయి. ఎలుగుబంటిని కారు గుద్దిన చోట పెడతారు వాటిని. బండీపుర అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తే మొదట్లో మనమూ గొణిగినవాళ్ళమే, ఇప్పుడు టైము చూసుకుని బయల్దేరడం లేదా? బ్లూ రిడ్జ్ పార్క్‌వేలో 45 మైళ్ళు అని రాశారంటే ఆ మలుపులకు, ఆ జింకలకు అంతే.

అబ్బాయి చెప్పిన తేదీకి అలెగ్జాండ్రియా ఫెడరల్ కోర్టుకు పోయాడు. లైనులో నిలబడ్డాడు, ప్రభుత్వ లాయరు పిలిచి మాట్లాడాడు, జడ్జి ముందు తప్పు ఒప్పుకుని జుర్మానా కట్టి మధ్యాహ్నానికి ఆఫీసుకు చేరాడు. ఇక్కడ తల్లి మాత్రం మూడు రాత్రులు నిద్రపోలేదు.

"వదిలెయ్యప్పా" అన్న మా మెసేజి గ్రూపులో పైన ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎవరూ ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దని మనవి.