తూకానికి పోతున్న పంకాలు

"రెండు పేజీలు ఏదైనా రాయవోయ్" అని సంపాదక మిత్రులు అడిగితే, నాకు కవిత్వం రాదని తప్పించుకోబోయాను. "నీ గుజిరీ సామాను గురించే రాయి పో" అన్నారు. హాస్టల్లో నాకు 'ఫ్యాన్ల డాక్టరు' అనే బిరుదు ఉన్న సంగతి మీలో చాలామందికి తెలిసిందే గనుక ఇక దాచేదేముంది? రాస్తున్నాను. అయితే నవ్వుకోవడానికి మాత్రమే కాదు. అధ్యాపకుల ముందూ, ఇక్కడ చదివి పెద్దవారైన పూర్వ విద్యార్థుల ముందూ ఒక విన్నపం పెట్టుకోవాలని కూడా ఉంది.

మాది రాయదుర్గం దగ్గర పల్లె. మా జిల్లాలో ఏడాది పొడుగునా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ కురిస్తే. కాబట్టి మా ఇంటికి పెద్ద దిక్కు నాయన కాదు, బోరు మోటారు. మూడేండ్ల కిందట శనక్కాయ ఊడలు దిగే వేళకు లో వోల్టేజీ వచ్చి ఆ మోటారు కాలిపోయింది. రాయదుర్గంలో ఒక వైండింగు షాపులో వేశాం. "నువ్వు ఆడే కూచోరా, మనిషి కనపడకుంటే పని కాదు" అని నాయన నన్నక్కడ కూర్చోబెట్టి పోయినాడు. ఎనిమిది రోజులు పట్టింది. ఊడలు దిగే చేనుకు ఎనిమిది రోజులు నీళ్ళు లేకుంటే ఏమవుతుందో రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు. ఆ ఏడు విత్తనాల ఖర్చు కూడా తిరిగి రాలేదు. నాకు మాత్రం ఆ ఎనిమిది రోజుల్లో ఒక పిచ్చి పట్టుకుంది.

ఆ షాపు మూలలో ఒక పాత సీలింగు ఫ్యాను పడి ఉండేది. పోత ఇనుప ఒళ్ళు, సంగటి కుండంత లావు, ఎత్తితే నడుము పట్టేసే బరువు. పేరు రేకు మీద అక్షరాలు అరిగిపోయి కంపెనీ ఏదో కూడా తెలియదు. గుజిరీవాడు వస్తే తూకానికి వేయాలని పెట్టారు. ఊరికే కూర్చోలేక, షాపు భాయ్‌ని అడిగి సీరీస్ బల్బు పెట్టి చూశాను. బల్బు వెలిగింది! అంటే కాయిల్ ఎక్కడా తెగలేదు. పోయిందల్లా ఒక కండెన్సరు, తుప్పు పట్టి బిగుసుకున్న ఒక బేరింగు. "చచ్చిందని కాదప్పా, లోపల రాగి ఉందని చంపుతారు" అన్నాడు భాయ్. తూకం ధరకే నాకిచ్చాడు. ఇప్పుడు మా మోటారు గదిలో అలాంటివి పద్నాలుగు ఉన్నాయి. "మందు డబ్బాలు పెట్టుకునే చోట ఈ ఇనుమేందిరా" అని అమ్మ సణుగుతూనే ఉంటుంది.

రాయదుర్గం అంటే జీన్సు ప్యాంట్లు కుట్టే ఊరు. ఏ సందులోకి పోయినా మిషన్ల చప్పుడే. ఆ కుట్టుమిషనుకూ పైన తిరిగే ఫ్యానుకూ చుట్టరికం ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసిన ఫిలిప్ డీల్ అనే జర్మనీవాడు, మిషను కోసం తాను చేసిన కరెంటు మోటారునే కప్పుకు తగిలించి రెక్కలు కట్టి 1882లో సీలింగు ఫ్యాను తయారుచేశాడట. మన దేశంలోనూ ఉషా పేరుతో మిషనూ ఫ్యానూ రెండూ వచ్చాయి గదా. అంతకు మునుపు దొరల కచేరీల్లో గుడ్డ పంకా లాగడానికి తాడు పట్టుకుని ఒక మనిషి బయట కూర్చునేవాడు.

ఇండక్షన్ మోటారు పాఠం మనందరం చదివిందే. టెస్లా 1888లో పేటెంటు పొందిన సంగతీ, తిరిగే అయస్కాంత క్షేత్రమూ బొమ్మతో సహా రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఫ్యాను విప్పిన రోజు గానీ నాకా బొమ్మ అర్థం కాలేదు సుమా! పుస్తకంలో స్టేటరు బయట, రోటరు లోపల. సీలింగు ఫ్యానులో తిరగేసి ఉంటుంది. కాయిళ్ళున్న స్టేటరు నడుమ కడ్డీకి బిగుసుకుని కదలకుండా కూర్చుంటుంది, బయటి డొక్కు తిరుగుతుంది. ఇంట్లో కరెంటు సింగిల్ ఫేజు కాబట్టి రెండో కాయిల్లో కరెంటును కొంచెం ముందుకు జరపడానికి కండెన్సరు కావాలి. చాలావాటిలో 2.5 మైక్రోఫారడ్. అది బలహీనపడితే ఫ్యాను మందగిస్తుంది. రెండు ప్లేట్ల బోండాల ఖర్చుతో అయ్యే పనికి ఫ్యానునే పారేసేవారున్నారు.

నిజంగా తీరిపోయినవాటిని విప్పి సామాను తీస్తాను. బేరింగులు (చాలా ఫ్యాన్లకు 6202, 6201 నంబర్లే) కిరోసిన్‌లో కడిగి, చేత్తో తిప్పి చప్పుడు వింటాను. గరగరలాడకపోతే పనికొస్తుంది. రాడ్డు, రెక్కలు, గిన్నెలు, మరలు కూడా దాస్తాను, ఎందుకంటే పాత కొలత మర ఇప్పుడు అంగట్లో దొరకదు. గుజిరీల్లో కొందరు రాగి కోసం కాయిళ్ళను కుప్పపోసి తగలబెడతారు. ఆ వార్నిషు పొగ పీలుస్తూ పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. ఉలితో ఒక పక్క తలలు నరికి రెండో పక్కనుంచి లాగితే పొగ లేకుండానే రాగి వస్తుంది. కొంచెం ఓపిక కావాలి, అంతే.

ఇక్కడ మా ఫిజిక్సు మేడం వేసిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. "నీ పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, ఇప్పటి బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 30 చాలు. నువ్వు చేసేది పొదుపా, దుబారానా?" అన్నారు. లెక్క వేశాను. రోజుకు 16 గంటలు తిరిగితే తేడా 0.72 యూనిట్లు. మేడం చెప్పింది నిజం. సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబులు 2023 జనవరి నుండి తప్పనిసరి అయింది కూడా. అందుకే నా పద్నాలుగింటిని పగలూ రాత్రీ తిప్పను. ఆదివారం ఒక్కొక్కటీ కాసేపు తిప్పి ఆపుతాను. ఇంట్లో తిరగడానికి కొత్తది కొనుక్కోండి, నేనొద్దనను. పాతది మాత్రం చూసుకోవడానికో, నేర్చుకోవడానికో, విడి సామానుకో బతకాలి.

పోయిన ఏడు కళ్ళంలో తూర్పార పట్టడానికి గాలి లేదు. బెళుగుప్ప దిక్కున గాలిమరలు కూడా కదలలేదు. ఒక పెడెస్టల్ ఫ్యాను మోటారు, ఇంకోదాని రెక్కలు, మూడోదాని కాళ్ళు కలిపి, మోటారు గది నుంచి తీగ లాగి పెట్టాను. చీకటి పడేలోపల కాయ వేరు, చెత్త వేరు. నాయన నన్నేమీ మెచ్చుకోలేదు. పక్క చేను మామ అడిగితే మాత్రం "మావాడు చేసినాడు" అన్నాడు.

ఇంతకీ నా విన్నపం. మన కళాశాల స్టోరు గదిలో పాడైన ఫ్యాన్లు పదిహేడు ఉన్నాయి, వేలంలో తూకానికి పోతాయట. వాటిని విప్పి నేర్చుకోనివ్వమని అడిగితే, రిజిస్టరులో ఉన్న వస్తువు, ఆడిట్ ఒప్పుకోదు అన్నారు. వారి బాధ వారిది. విప్పకముందు తూచండి, విప్పిన తరువాత రాగి, ఇనుము, అల్యూమినియం తూచి మీకే అప్పగిస్తాం. బాగయినవి తరగతి గదుల్లోకి తిరిగొస్తాయి. విద్యుత్ శాఖలో ఉన్న పూర్వ విద్యార్థులు ఒక శనివారం మాకివ్వండి. ఐదో తరగతి దాటని మా భాయ్‌ని కూడా ఆ రోజు ల్యాబుకు పిలవనివ్వండి. సీరీస్ బల్బు ఆయనే తెచ్చుకుంటాడు.

ఆ పదిహేడింటిలో రెండు పాత మెస్సు హాల్లోంచి దింపినవి, పోత ఇనుపవి. కిటికీ సందులోంచి చూశాను. ఒకదాని రేకు మీద అక్షరాలు ఇంకా ఉన్నాయి గానీ, దుమ్ము తుడిస్తే గానీ చదవడానికి రావు.