సిమెంటు వాటాల వెల

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు ధాన్యము అమ్మిన సొమ్ములో కొంత కంపెనీల వాటాలపై పెట్టు గృహస్థులు నేడు లేకపోలేదు. అది తప్పని మేమనము. కాని పిల్ల పెండ్లికి దాచిన ధనమును ఒకే అంకెను నమ్మి ధారపోయుట విచారకరము. ఆ అంకె ధర-లాభ నిష్పత్తి. వాటా ధరను ఆ వాటాకు సంవత్సరములో వచ్చిన నికర లాభముచే భాగించిన నది లభించును. ధర 100 రూపాయలు, లాభము 20 రూపాయలైన నిష్పత్తి 5. అనగా ఈ లాభమే నిలిచిన యెడల అయిదేండ్ల లాభము ధరకు సరిపోవును. 'నిలిచిన యెడల' అను మాటలోనే చిక్కంతయు నున్నది.

కృష్ణాతీరమున సున్నపురాయి పుష్కలముగా నుండుటచే మట్టంపల్లి, మేళ్లచెరువు పరిసరములందు సిమెంటు కర్మాగారములు వెలసినవి. 1981లో స్థాపితమైన సాగర్ సిమెంట్స్ మట్టంపల్లి కర్మాగారము వాటిలో నొకటి. ఈ పరిశ్రమ స్వభావము మనవారు కన్నులార చూచుచున్నదే. ప్రభుత్వము కట్టడములకు పూనుకొని, పట్టణములందు ఇండ్లు లేచు కాలమున బస్తా ధర హెచ్చును, లాభము పొంగును. అది చూచి ఎల్లరును కొత్త బట్టీలు కట్టుదురు. అంతట సరుకు గిరాకీని మించును. దానికి తోడు బొగ్గు ప్రియమైనచో లాభము అడుగంటును. బట్టీ చల్లారినను అప్పు మీది వడ్డీ యాగదు గదా!

పై ఉదాహరణములోని కంపెనీయే లాభము 1 రూపాయికి దిగి, ధర 60కి పడినదనుకొందము. నిష్పత్తి 60 అగును. వాటా చవకయైనది, నిష్పత్తి మాత్రము పన్నెండింతలైనది! కావున సిమెంటువంటి పరిశ్రమలో నిష్పత్తి మిక్కిలి చవకగా కనబడు కాలమే లాభము శిఖరమునెక్కి దిగుటకు సిద్ధముగా నున్న కాలము కావచ్చును. నష్టము వచ్చిన యేట దానికి అర్థమే లేదు.

ఎడమ కాలువ క్రింద రెండు పంటలు పండిన ఒక్క యేటి రాబడిని చూచి ఎకరమునకు వెల కట్టు రైతు కలడా? సాగరమున నీరు చాలని యేండ్లను గూడ లెక్కలో కలుపుకొనును. అమెరికాలో గ్రాహము, డాడ్ అను పండితులు 1934లో వ్రాసినదియు నిదియే: అయిదేండ్లకు తక్కువ కాకుండ, వీలైన ఏడు లేక పదేండ్ల సగటు లాభముతో ధరను పోల్చవలెనని.

పదేండ్ల పట్టిక చూచువాడును కొలబద్ద మారినదేమో కనిపెట్టవలెను. నిఫ్టీ సూచికకు 2021 మార్చి వరకు మాతృసంస్థల లాభమునే లెక్కించి, ఆ పిదప అనుబంధ సంస్థల లాభమును గూడ కలిపిరి. సుమారు 40గా నున్న నిష్పత్తి ఒక్కనాట సుమారు 33కు దిగెను. ధరలు అంతగా తగ్గనేలేదు. ఇక లాభమే కల్పితమైనచో చెప్పవలసినదేమున్నది? హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ లెక్కలలో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు లేనేలేదని 2009 జనవరి 7న దాని అధ్యక్షుడే లేఖ వ్రాసెను. అంతవరకు లెక్కించిన నిష్పత్తులన్నియు నీటిమీది వ్రాతలైనవి.

మన జిల్లాల కంపెనీలు వార్షిక నివేదికలను ఆంగ్లమున ప్రకటించుచునే యున్నవి. వాటాలమ్ము దళారులు నేటి నిష్పత్తి యొక్కటే చెప్పి ఊరకుండక, పదేండ్ల ధర, లాభము, అప్పు, వాటాల సంఖ్య ఒకే పుటలో తెలుగున ముద్రించి కొనువాని చేతికీయవలెను. ఈయనివానిని అడిగి పుచ్చుకొనిన పిదపనే సొమ్ము చెల్లింపుడు.