యాప్ వచ్చింది సరే, శివారు రైతుకు అందేదెలా?

రామచంద్రపురం: సార్వా కోతలు దగ్గరపడితే డెల్టా రైతు ఒకప్పుడు కొడవళ్లకు పదును పెట్టించుకొనేవాడు, గోనె సంచులు సమకూర్చుకొనేవాడు. ఇప్పుడు వాటితోపాటు సెల్‌ఫోను కూడా సిద్ధం చేసుకోవలసి వస్తున్నది. పంట నమోదు ఫోనులోనే, ధాన్యం అమ్మకానికి తేదీ ఫోనులోనే, బ్యాంకులో సొమ్ము పడిన కబురు ఫోనులోనే. అందులో ఒక పేరు తప్పుగా పడినా, అసలు పడకపోయినా నష్టపోయేది కళ్లంలో ధాన్యం పోసుకొని కూర్చున్న రైతే. అందువల్ల ఈ యాప్‌లను ఎవరు తయారుచేస్తున్నారు, ఎవరి అవసరాన్ని దృష్టిలో పెట్టుకొని చేస్తున్నారు అన్నది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

సాయంకాలపు సేవ

యాప్ అంటే ఫోను ఏ పని తరువాత ఏ పని చేయాలో వరుసగా చెప్పే ఆదేశాల మొత్తం. వాటిని రాసేవారే మొబైల్ డెవలపర్లు. వీరి దినచర్యలో కొత్తవి కట్టడం కంటే పాతవాటికి మరమ్మతు చేయడమే ఎక్కువ. ఖరీదైన ఫోనులో చక్కగా నడిచినది చవక ఫోనులో ఎందుకు ఆగిపోతున్నదో వెతకాలి. జిల్లాల పేర్లు మారితే జాబితాలు మార్చాలి. 2022 ఏప్రిల్‌లో రామచంద్రపురం తూర్పు గోదావరి నుంచి విడిపోయి కోనసీమ జిల్లాలో చేరినప్పుడు ఇటువంటి మార్పులే అవసరమయ్యాయి. ఏటా కాలువల పూడిక తీసినట్టుగా ఈ పనికి అంతం ఉండదు.

కంపెనీ పని ముగిశాక సొంత ఆసక్తి కొద్దీ ప్రజలకు పనికివచ్చేవి తయారుచేసే డెవలపర్లు కూడా ఉన్నారు. తెలుగుకు ఇటువంటి సాయంకాలపు సేవ వల్ల జరిగిన మేలు తక్కువది కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, ఇంగ్లీషు అక్షరాల మీటలతో తెలుగు రాయడానికి వీవెన్ రూపొందించిన ‘లేఖిని’, ఫైర్‌ఫాక్స్‌కు తెలుగు మాటలు సమకూర్చడం ఔత్సాహికుల కృషి ఫలితాలే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును విద్యార్థులకు పరిచయం చేసే పనిని హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ చేపట్టింది.

ఈ కృషి ఎందుకు అవసరమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసివచ్చింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి సందేశంగా వస్తే చాలు, ఐఫోనులో ఆ సందేశం చూపవలసిన యాప్ కుప్పకూలిపోయేది. ఆపిల్ కంపెనీ అదే నెల 19న దిద్దుబాటు విడుదల చేసింది. కోట్లాదిమంది రాసే లిపిలోని ఒక సంయుక్తాక్షరం అంత పెద్ద కంపెనీ పరీక్షలకు దొరకకపోవడం గమనార్హం. వాడేవారు పరీక్షలో లేకపోతే తప్పు వాడకంలోనే బయటపడుతుంది. కళ్లంలో అయినా జరిగేది అదే.

కళ్లంలో ఫోను

ధాన్యం అమ్మదలచిన రైతు వాట్సాప్‌లో సందేశం పంపి, కొనుగోలు కేంద్రాన్ని, తేదీని, సమయాన్ని ఎంచుకొని, బస్తాల సంఖ్య తెలిపే విధానాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ప్రవేశపెట్టింది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమ తగ్గినమేరకు ఇది హర్షించదగినదే.

కాగా, ఇక్కడ లెక్క రూపాయలతో ముడిపడి ఉన్నది. 2025-26కు సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు రూ. 2,369, గ్రేడ్ ఎ రకానికి రూ. 2,389 కనీస మద్దతు ధరగా నిర్ణయించారు. 75 కిలోల బస్తాకు సాధారణ రకమైతే రూ. 1,776.75 వస్తుంది. అయితే తేమ 17 శాతానికి మించరాదు. మబ్బు పట్టిన నాడు అనుకున్న తేదీ రెండు రోజులు జరిగితే చాలు, ఆరబోసిన ధాన్యానికి మళ్లీ తేమ ఎక్కుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను, 2025 అక్టోబరు 28 రాత్రి తీరం దాటిన మొంథా తుపాను గోదావరి జిల్లాల వరిచేలకు చేసిన నష్టాన్ని రైతులు మరచిపోలేదు. తుపాను వేళ సిగ్నల్ కూడా ఉండదు. సిగ్నల్ లేనప్పుడు వివరాలను ఫోనులోనే దాచి, అది వచ్చాక పంపే ఏర్పాటు యాప్‌లో ఉన్నదా లేదా అన్నది పట్నంలో చిన్న విషయం, పొలంగట్టున పెద్ద విషయం.

యాప్ అడగని ప్రశ్న

అయితే సాంకేతిక లోపాలన్నీ సరిదిద్దినా మిగిలిపోయే చిక్కు ఒకటి ఉన్నది. అది కౌలు రైతు చిక్కు. డెల్టాలో చాలా పొలాలు నోటిమాట కౌలు మీదనే సాగవుతున్నాయి. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇవ్వడానికి 11 నెలల ఒప్పందాన్ని, దానిపై భూయజమాని సమ్మతిని కోరింది. హక్కు పోతుందేమోనన్న భయంతో సంతకానికి వెనుకాడే యజమానులు ఉన్నారు. పట్టుబట్టి అడిగితే వచ్చే ఏడు చేను దక్కదేమోనని మౌనం వహించే కౌలుదార్లు అంతకంటే ఎక్కువ.

యాప్ నోటిమాటను నమ్మదు. చట్టం ఏ కాగితం అడిగితే తెర మీద అదే అడుగుతుంది. ఫలితంగా దుక్కి దున్ని, ఊడ్పించి, ఎరువు చల్లినవాడు ఒకడు, పంట నమోదులో పేరు పడినవాడు మరొకడు అవుతున్నారు. తుపాను తరువాత నష్టాల జాబితా ఆ నమోదును బట్టే తయారైతే పరిహారం ఎవరి ఖాతాకు చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇది ప్రోగ్రాము రాసినవారి తప్పు కాదు. కాగితం మీద ఉన్న అన్యాయాన్ని యాప్ మరింత వేగంగా నడిపిస్తుంది, అంతే. దీనికి మందు చట్టంలోనే ఉన్నది గాని ఫోనులో లేదు.

బోదె ఎవరు తవ్వాలి?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినంత మాత్రాన ప్రతి చేనుకూ నీరు అందలేదు. ప్రధాన కాలువ నుంచి పిల్లకాలువలు, వాటి నుంచి పంట బోదెలు తవ్వినప్పుడే శివారు భూమి తడిసింది. యాప్‌ల విషయంలో ప్రధాన కాలువ మాత్రమే వచ్చింది. బోదె తవ్వగలవారు ఈ ప్రాంతంలో లేకపోలేదు. ఇక్కడి ఇళ్లలో పుట్టి, ఇంజనీరింగు చదివి హైదరాబాదులోను, బెంగుళూరులోను ఇదే పని చేస్తున్న యువతీయువకులు ఉన్నారు. 2020లో కరోనా లాక్‌డౌన్ నాడు ఊరికి వచ్చి ఇంటి అరుగు మీద నుంచే కొలువు చేసినవారూ ఉన్నారు.

వారు చేయగల పనికి పెట్టుబడి అక్కరలేదు. 2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటంలో తమ ఊరి బోదెలను, మురుగు కాలువలను, కొనుగోలు కేంద్రాన్ని తెలుగు పేర్లతో గుర్తించవచ్చు. 2008లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఓడీకే అనే ఉచిత సాధనం సిగ్నల్ లేని చోట కూడా వివరాలు నమోదు చేసుకొంటుంది. దానితో ముంపు చేలను ఫొటోలతో సహా రాసి పెట్టుకోవచ్చు. అది ప్రభుత్వ రికార్డు కాకపోయినా, అధికారి ముందు నిలబడి మాట్లాడడానికి రైతుకు ఆధారమవుతుంది.

ఇటువంటి ప్రయత్నానికి మన పక్కనే ముందు నడిచినవారు ఉన్నారు. 2002 ప్రాంతంలో పశ్చిమ గోదావరి పల్లెల్లో వెలసిన గ్రామీణ ఈ-సేవా కేంద్రాలను స్వయం సహాయక బృందాల మహిళలు నడిపారు. కంప్యూటరు ముందు కూర్చున్నది ఊరి మనిషి కావడం వల్లనే జనం జంకు లేకుండా లోపలికి వెళ్లారు.

ప్రభుత్వం వంతు పని కూడా ఉన్నది. కొత్త యాప్‌ను కోతల మధ్యలో దించకుండా, ఊడ్పుల నాడే నాలుగు ఊళ్లలో రైతుల చేత, కౌలుదార్ల చేత నడిపించి చూడాలి. తెర మీద ‘ఎర్రర్’ అని కాక ఏ కాగితం తక్కువైందో, ఎవరిని కలవాలో తేట తెలుగులో చెప్పించాలి. ఫోను మొరాయించిన రోజున చేతిరాత రసీదు చెల్లేటట్టు చూడాలి. నమోదైన పేర్ల జాబితాను గ్రామ సచివాలయం గోడకు అంటించి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి.

అంతవరకు రైతు చేయవలసినది ఒకటే. పంట నమోదు ముగిసిందని చెప్పిన రోజునే అందులో తన పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం చదివించుకొని చూసుకోవాలి. పేరు లేదని కళ్లం దగ్గర తెలిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు.